పాత టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌ను ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చడం: ముందు లెక్క, తర్వాత పాన

పాత ట్రాక్టర్‌ను ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చాలనుకునేవారు చాలామంది ముందుగా ఒక యాక్సిల్ కోసం వెతుకుతారు. ఏ భాగమూ కొనకముందే తేల్చుకోవలసినది ముందు, వెనుక చక్రాల వేగాల లెక్క. ఈ తరహా ట్రాక్టర్లలో ముందు యాక్సిల్‌కూ వెనుక యాక్సిల్‌కూ మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు కనుక, వేగాల్లో ఏ తేడా ఉన్నా దానిని టైర్లే నేల మీద జారి సర్దుకోవలసి ఉంటుంది. తేడా హద్దు దాటితే టైర్లు త్వరగా అరుగుతాయి, గేర్ల మీద అనవసరమైన బిగువు పడుతుంది, చివరికి ఎక్కడో ఒక షాఫ్టో, క్రాస్ జాయింటో విరుగుతుంది.

ముందు చక్రాలకు పంపే శక్తిని గేర్‌బాక్స్‌లో అన్ని గేర్ల మార్పులూ పూర్తయిన తర్వాతి చోటు నుంచి, అంటే వెనుక యాక్సిల్‌లోని పెద్ద గేరు అయిన క్రౌన్ వీల్‌ను తిప్పే పినియన్ షాఫ్ట్ నుంచి తీయాలి. ఏ గేరులో నడిపినా ఆ షాఫ్టుకూ వెనుక చక్రాలకూ మధ్య నిష్పత్తి మారదు. గేరుతో సంబంధం లేకుండా ఇంజన్ వేగాన్ని బట్టి తిరిగే మామూలు పీటీఓ (పనిముట్లను నడిపే షాఫ్ట్) ఇందుకు పనికిరాదు. మీ మోడల్‌లోనే కంపెనీ ఫోర్ వీల్ డ్రైవ్ రకాన్ని కూడా తయారుచేసి ఉంటే, పాడైపోయిన అలాంటి ట్రాక్టర్ నుంచి యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ బాక్స్ (గేర్‌బాక్స్ శక్తిని ముందుకు మళ్లించే గేర్ల పెట్టె), ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఆ శక్తిని ముందు యాక్సిల్‌కు చేర్చే పొడవాటి షాఫ్ట్), ముందు బ్రాకెట్, చక్రాలు అన్నీ కలిపి తెచ్చుకోవడం అన్నిటికంటే మంచి దారి. అటువంటి మోడళ్లలో గేర్‌బాక్స్ అడుగున గాని పక్కన గాని బోల్టులతో బిగించిన ఒక మూత ఉండి, దాని స్థానంలో ట్రాన్స్‌ఫర్ బాక్స్ కూర్చునే ఏర్పాటు తరచుగా కనిపిస్తుంది. ఆ ఏర్పాటు లేనప్పుడు, గేర్‌బాక్స్‌కూ వెనుక హౌసింగ్‌కూ మధ్య ఒక అదనపు పెట్టెను ఇరికించవలసి వస్తుంది. 1950లలో ఇంగ్లండ్‌లో రోడ్‌లెస్ సంస్థ ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్లను ఈ పద్ధతిలోనే, యుద్ధకాలపు జీఎంసీ ట్రక్కుల ముందు యాక్సిళ్లను వాడి మార్చింది. అది మంచి మెషిన్ షాపు చేయవలసిన పని. పినియన్ షాఫ్టును, హౌసింగ్ ముఖాలను కచ్చితమైన కొలతలకు తయారుచేయగల వసతి లేనివారు ఆ దారి పట్టకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇక లెక్కకు వద్దాం. పని చేసేటప్పుడు ఉండే గాలి, బరువు ఉంచి, గట్టి నేల మీద ట్రాక్టర్‌ను నడిపించి, వెనుక చక్రం 10 చుట్లు తిరిగితే ఎంత దూరం వచ్చిందో కొలిచి పదితో భాగించండి. ముందు వేయదలచిన టైరుకు కూడా, దాని మీద పడబోయే బరువుతో, అలాగే చేయండి. టైరు మీద రాసి ఉన్న సైజు నుంచి లెక్కగట్టిన చుట్టుకొలతను నమ్మకండి, ఎందుకంటే బరువుకు టైరు కుంగుతుంది, అరిగిన టైరు మరింత తక్కువ దూరం నడుస్తుంది. తర్వాత వెనుక చక్రం ఒక చుట్టు తిరగడానికి పినియన్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో, ముందు చక్రం ఒక చుట్టుకు యాక్సిల్ ఇన్‌పుట్ ఫ్లాంజ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే చోటు) ఎన్ని చుట్లు తిరగాలో తెలుసుకోవాలి. చేత్తో తిప్పి లెక్కపెట్టేటప్పుడు రెండు చక్రాలనూ కలిపి తిప్పాలి. ఒకటి ఆగి రెండోది మాత్రమే తిరిగితే డిఫరెన్షియల్ వల్ల సగం లెక్కే వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. వెనుక చక్రం ఒక చుట్టుకు 4.00 మీటర్లు, వెనుక నిష్పత్తి 20 అనుకుంటే, మీటరు దూరానికి పినియన్ షాఫ్ట్ 5 చుట్లు తిరుగుతుంది. ముందు చక్రం ఒక చుట్టుకు 2.60 మీటర్లు, యాక్సిల్ నిష్పత్తి 15.6 అయితే, అదే మీటరుకు ముందు ఫ్లాంజ్ 6 చుట్లు తిరగాలి. అంటే ట్రాన్స్‌ఫర్ బాక్స్ వేగాన్ని 1.2 రెట్లు పెంచాలి. అయితే ముందు చక్రాలు వెనుకవాటికంటే కొద్దిగా వేగంగా, సాధారణంగా 1 నుంచి 5 శాతం ఎక్కువగా తిరగాలి. ముందు చక్రాలు వెనుకబడితే అవి లాగకపోగా బ్రేకులా అడ్డుపడతాయి. పైగా మలుపులో అవి వెనుకవాటికంటే పెద్ద చుట్టు తిరిగి వస్తాయి. ఇక్కడ 21 పళ్ల గేరు 17 పళ్ల గేరును తిప్పేలా అమరిస్తే 1.235 వస్తుంది, అంటే దాదాపు 2.9 శాతం ఆధిక్యం.

షాఫ్ట్ బలాన్ని కూడా ఇదే కాగితం మీద చూసుకోవచ్చు. ముందు యాక్సిల్ మీద 1,200 కిలోల బరువు, నేల పట్టు 0.8, చక్రం నడిచే వ్యాసార్ధం 0.41 మీటర్లు అనుకుంటే, 15.6 నిష్పత్తి గల యాక్సిల్‌కు ప్రొపెల్లర్ షాఫ్ట్ సుమారు 250 న్యూటన్ మీటర్ల టార్కును మోయాలి. నిష్పత్తి 6 మాత్రమే ఉన్న ట్రక్కు యాక్సిల్‌కు అదే షాఫ్ట్ మీద సుమారు 640 పడుతుంది. చక్రాల దగ్గరే వేగాన్ని తగ్గించే ప్లానెటరీ గేర్లు ఉన్న ట్రాక్టర్ యాక్సిల్‌ను ఎంచుకోమని చెప్పేది అందుకే. కుదుపులకు కనీసం రెట్టింపు బలాన్ని లెక్కలో పెట్టుకోండి.

షాఫ్ట్ తిరిగే దిక్కును కూడా బిగించకముందే సరిచూడాలి. దిక్కు తప్పితే ముందు చక్రాలు వెనక్కి తిరుగుతాయి. అప్పుడు ట్రాన్స్‌ఫర్ బాక్స్‌లో దిక్కు మార్చేందుకు మధ్యలో ఒక ఐడ్లర్ గేరును చేర్చాలి.

ట్రాక్టర్‌ను మధ్యలో రెండు సగాలుగా విడదీయవలసి వస్తే, ఆ పనిలో ప్రాణాపాయం ఉంది. వెనుక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, బ్యాటరీ తీసివేసి, రెండు సగాలనూ గట్టి స్టాండ్ల మీద నిలపాలి. ముందు యాక్సిల్ మధ్యలోని పిన్ మీద అటూ ఇటూ ఊగుతుంది కనుక, ట్రాక్టర్‌ను విడదీయకముందే యాక్సిల్‌కూ బ్రాకెట్‌కూ మధ్య రెండు వైపులా చెక్క దిమ్మలు బిగించాలి. అవి లేకపోతే ఇంజన్ సగం పక్కకు ఒరిగిపోతుంది.

పాత ముందు బ్రాకెట్ బరువును మోయడానికి తయారైనది. ఇకపై అది యాక్సిల్ లాగుడును కూడా ఇంజన్‌కు అందించాలి. అందువల్ల పక్క పట్టీలను క్లచ్ హౌసింగ్ దాకా తీసుకువెళ్లి బిగించడం మంచిది. యాక్సిల్ పూర్తిగా ఒక పక్కకు ఊగినప్పుడు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, టైరు గాని డిఫరెన్షియల్ గాని ఆయిల్ సంప్‌కు తగలకూడదు. ప్రొపెల్లర్ షాఫ్టుకు పొడవు మారనిచ్చే జారే స్ప్లైన్ ఉండాలి, రెండు చివరల యోక్‌లు (క్రాస్ జాయింట్‌ను పట్టుకునే కొమ్ములు) ఒకే వరుసలో ఉండాలి, మీద రేకు కవచం తప్పనిసరిగా ఉండాలి. పవర్ స్టీరింగ్ లేని ట్రాక్టర్‌కు దానిని కూడా అమర్చాలి, ఎందుకంటే పెరిగిన బరువును, చక్రాల లాగుడును చేతి స్టీరింగ్‌తో తిప్పడం కష్టం. ట్రాన్స్‌ఫర్ బాక్స్ గేర్‌బాక్స్ నూనెనే వాడుకుంటే నూనె పరిమాణాన్ని కొత్తగా చూసుకోవాలి. ఇలా మార్చిన వాహనాన్ని రోడ్డెక్కించే ముందు రిజిస్ట్రేషన్, బీమా నిబంధనలను మీ ప్రాంతపు అధికారులను అడిగి తెలుసుకోవాలి.

పరీక్షకు వదులు నేలను ఎంచుకోండి. ముందు డ్రైవ్ కలపకుండా వెనుక చక్రం 10 చుట్లు తిరిగేలోగా ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో, కలిపాక ఎన్ని తిరిగిందో సుద్ద గీత సాయంతో లెక్కపెట్టండి. పై ఉదాహరణలో మొదటి లెక్క దాదాపు 15.4, రెండోది 15.8 రావాలి. తేడా 5 శాతం దాటినా, రెండో అంకె మొదటిదానికంటే తక్కువ వచ్చినా, టైర్ల సైజు మార్చే దాకా పొలంలో పనికి దించకండి. ముందు డ్రైవ్‌ను గట్టి రోడ్డు మీద విడిచి ఉంచాలి, బురదలోనూ వదులు నేలలోనూ కలపాలి. పళ్లు ఒకదానిలో ఒకటి దిగి కలిసే డాగ్ క్లచ్ రకం అయితే బండి ఆగాకే కలపాలి. మొదటి 10 గంటల పని తర్వాత బ్రాకెట్ బోల్టులన్నీ మళ్లీ బిగించి, ట్రాన్స్‌ఫర్ బాక్స్ నూనె దింపి చూడాలి. నూనెలో సన్నని లోహపు మెరుపు కొత్త గేర్లకు సహజం. వేలికి గుచ్చుకునే పెంకులు కనబడితే మాత్రం ఆ పెట్టెను వెంటనే విప్పవలసిందే.