వంటింట్లో పాత పాటే గడియారం
సీతమ్మధార రైతుబజారు నుంచి తెచ్చిన తోటకూరలో ఇసుక దిగాలంటే కాసేపు నీళ్లలో ఉంచాలి కదా. ఆ "కాసేపు" మా ఇంట్లో ఎప్పుడూ అరగంట అయ్యేది. ఫోన్‌లో అలారం పెడితే, పిండి చేత్తో దాన్ని ఆపడం ఇంకో తంటా. అందుకే ఇప్పుడు పాత పాటలతో లెక్క కడుతున్నాను.

పాత సినిమా పాటలు చాలావరకు మూడు నిమిషాలు, ఆపైన చిల్లర. నిమిషానికి 78 చుట్లు తిరిగే 10 అంగుళాల రికార్డుకి ఒక్కో వైపు పట్టేది అంతే మరి. (పద్యాలు, దండకాల జోలికి పోకండి, వాటి నిడివి వాటిష్టం.)

తోటకూరకి రెండు పాటలు. తర్వాత ఆకుని చేత్తో పైకి తీయండి. గిన్నె వంపేస్తే అడుగునున్న ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. గుడ్లకి, నీళ్లు మరిగాక మూడు పాటలు. వేడినీళ్లలో చింతపండుకీ అంతే.

కావలసినన్ని పాటలే వరసగా పెట్టుకుని, తర్వాతది దానంతటదే మొదలయ్యే ఆటోప్లే ఆపేయండి. ఇల్లు నిశ్శబ్దమైందంటే పొయ్యి దగ్గరికి వెళ్లాలన్నమాట. ఒక్కటే ఇబ్బంది, ఘంటసాల, లీల కలిసి పాడుతుంటే మళ్లీ అదే పెట్టాలనిపిస్తుంది. మొన్న అలా రెండుసార్లు పెట్టి, గుడ్లు పగిలేదాకా ఉడికించాను.

పాలకి మాత్రం ఈ లెక్క పనికిరాదు, దగ్గర నిలబడాల్సిందే.