లాబ్రడారా, జర్మన్ షెపర్డా? కుక్కపిల్లకి అడ్వాన్స్ ఇచ్చే ముందు జాగ్రత్తలు

- రెండూ పెద్దయ్యాక 30 కిలోలు దాటొచ్చు. రోజూ రెండు పూటలా గొలుసు పట్టేదెవరో ముందే తేల్చుకోండి. "పిల్లలు చూసుకుంటారులే" అన్న మాట నమ్మకండి.

- కుక్కపిల్ల తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. తుంటి కీలు వదులయ్యే జబ్బు రెండు జాతుల్లోనూ వంశపారంపర్యంగా వస్తుంది. షెపర్డ్ అయితే తల్లిని నడిపించి చూడండి. వెనక కాళ్లు తూలుతున్నా, వీపు మరీ కిందికి వాలినా ఆ పిల్ల వద్దు.

- లాబ్రడార్ తిండిపోతు. పెరుగన్నం, బిస్కెట్, ఏది పెట్టినా కాదనదు. కొలత ఒక్కరి చేతిలోనే ఉండాలి.

- ఇంటికి వచ్చేపోయేవాళ్లు ఎక్కువైతే నా ఓటు లాబ్రడార్‌కే. షెపర్డ్‌కి చిన్నప్పటి నుంచే కొత్త మనుషుల అలవాటు, శిక్షణ తప్పనిసరి.

- బొచ్చు? రెండూ రాలుస్తాయి.

- ఎండాకాలంలో నడక తెల్లవారుజామునే. రోడ్డుకి అరచేయి ఆనించి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతుంది.