గొప్ప యుద్ధ సినిమా ఏదో తేలాలంటే ఎలా వాదించాలి

నలుగురు కూర్చుని గొప్ప యుద్ధ సినిమా ఏదని మాట మొదలుపెడితే పది నిమిషాల్లో గొంతులు లేస్తాయి, గంట గడిచినా ఏమీ తేలదు. ఒకరు ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’లో సముద్రతీరం సీను అంటారు. ఇంకొకరు ‘బోర్డర్’ చూసి హాల్లో ఎంతమంది ఏడ్చారో చెబుతారు. మూడో మనిషి ఆస్కార్లు లెక్కపెడతారు. ముగ్గురూ జవాబు చెబుతున్నది మూడు వేరు వేరు ప్రశ్నలకి, అందుకే తెగదు. అందరి ముందూ ఒకటే ప్రశ్న ఉండి, ప్రతి మాటకీ ఒక సీను సాక్ష్యంగా ఉంటే ఇదే వాదన రెండున్నర గంటల్లో ఒక కొలిక్కి వస్తుంది.

ముందు ప్రశ్న రాయండి

‘గొప్ప’ అన్న మాటని అలా గాలికి వదిలేయకండి. యుద్ధం మధ్యలో ఉండటం ఎలా ఉంటుందో చూపినది గొప్పదా? యుద్ధాన్ని ఎవరు, ఎందుకు నడుపుతారో చూపినది గొప్పదా? తుపాకీ పట్టనివాళ్లకి యుద్ధం ఏం చేస్తుందో చూపినదా? మొదటి ప్రశ్నకైతే ‘డన్‌కర్క్’ (2017) గట్టి పోటీ ఇస్తుంది. రెండోదానికి స్టాన్లీ కూబ్రిక్ తీసిన ‘పాత్స్ ఆఫ్ గ్లోరీ’ (1957) ముందు నిలబడేవి చాలా తక్కువ. 88 నిమిషాల ఆ సినిమాలో శత్రు సైనికుడు కంటికి కనపడడు, ఫ్రెంచి సైనికుల్ని కట్టేసి కాల్చేది ఫ్రెంచి సైన్యమే. ఫ్రాన్స్‌లో అది 1975 దాకా ఆడలేదు. మూడోదానికి కోబె నగరం మీద బాంబుల వాన తర్వాత ఒక అన్న, ఒక చెల్లి ఎలా బతికారో చూపిన ఇసావో తకహతా యానిమేషన్ ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ (1988) ఉంది. ఈ మూడింటినీ ఒకే త్రాసులో వేయడం కుదరదు. మూడు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకుని, కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించండి. వాదన దారి తప్పిన ప్రతిసారీ ఆ కాగితం చూపించవచ్చు.

హద్దు కూడా అప్పుడే గీయాలి. మనవాళ్ల మధ్య ‘బాహుబలి’ కాలకేయుల యుద్ధం మాట రాకుండా ఉండదు. యుద్ధాన్ని తెరమీద పేర్చిన తీరు గురించైతే అది తప్పకుండా మాట్లాడుకోదగ్గదే. కానీ చరిత్రలో జరిగిన యుద్ధాల సినిమాలే అనుకుంటే అది పక్కకి తప్పుకుంటుంది. ఇంకో పరీక్ష: కథలోంచి యుద్ధాన్ని తీసేస్తే ఏం మిగులుతుంది? కథ అలాగే నిలబడితే యుద్ధం వెనక తెర మాత్రమే. క్రిష్ ‘కంచె’ (2015) ఈ పరీక్షకి మంచి ఉదాహరణ. ఊళ్లో మనుషుల మధ్య కంచె, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఇటలీలో దేశాల మధ్య కంచె, ఈ రెండూ ఒకదానికొకటి అద్దం. యుద్ధం తీసేస్తే ప్రేమకథ మిగులుతుంది గానీ పేరు సగం అబద్ధమవుతుంది. అందుకని దాన్ని లోపలే ఉంచడం న్యాయం.

రెండు వారాల ముందు

ఆరు నుంచి ఎనిమిది మంది, ఆరు సినిమాలు. అంతకు మించితే ప్రతి సినిమాకీ దక్కే సమయం పలచబడిపోతుంది. పేరు ప్రతిపాదించేవాళ్లు దాన్ని నెలలోపు మళ్లీ చూసి ఉండాలి. పదేళ్ల కిందటి జ్ఞాపకంతో వాదిస్తే సినిమాలో లేని సీను ఉన్నట్టు చెప్పడం మామూలే. మిగతావాళ్లు ఆరింటిలో కనీసం నాలుగు చూసి రావాలి.

ఎవరు ఏ వెర్షన్ చూశారన్నది తప్పక అడగండి, సగం గొడవలు అక్కడే పుడతాయి. వియత్నాం యుద్ధం మీది ‘అపోకలిప్స్ నౌ’ 1979లో వచ్చినది ఒకటి, 2001లో ‘రీడక్స్’ పేరుతో 49 నిమిషాలు పెరిగి వచ్చినది ఇంకొకటి, 2019 ‘ఫైనల్ కట్’ మరొకటి. ఫ్రెంచి తోట యజమానుల భోజనం సీను మొదటిదాంట్లో లేదు. ఒకరు నడక మందగించిందంటే, ఇంకొకరు ఎక్కడా అని ఆశ్చర్యపోతారు, ఇద్దరి మాటా నిజమే. జర్మన్ జలాంతర్గామి సినిమా ‘దాస్ బూట్’ 1981లో థియేటర్లకి వచ్చినప్పుడు దాదాపు రెండున్నర గంటలు, 1997 డైరెక్టర్స్ కట్ దాదాపు మూడున్నర గంటలు. ఏ వెర్షనో జాబితాలోనే రాసేయండి. డబ్బింగ్ వద్దు, అసలు భాషలో సబ్‌టైటిల్స్‌తోనే చూడండి.

ఇంకో చిన్న చిక్కు. యూరప్ డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25తో నడిపిస్తారు. దాంతో 142 నిమిషాల సోవియట్ సినిమా ‘కమ్ అండ్ సీ’ 136 నిమిషాలకే అయిపోతుంది. ఒకరు గంట దగ్గర అని రాసుకున్న సీను ఇంకొకరి కాపీలో రెండు నిమిషాల పైచిలుకు ముందే వచ్చేస్తుంది. కాబట్టి ఆరోజు వేయబోయే ఫైల్లోనే టైము చూసి రాసుకోండి.

సీను ఎంచుకోవడం

ప్రతి సినిమాకీ ఆరు నిమిషాల క్లిప్, నాలుగు నిమిషాల మాట, ఎనిమిది నిమిషాల ప్రశ్నలు. మొత్తం పద్దెనిమిది. ఆరు సినిమాలకి 108 నిమిషాలు. మిగతా సమయం మొదటి మాటలకి, టీకి, ఓటుకి సరిపోతుంది. ల్యాప్‌టాప్ స్పీకర్లతో మాత్రం పెట్టకండి. జలాంతర్గామి సినిమాల్లో డెప్త్ చార్జ్ (నీళ్లలో పేలే బాంబు) గుండెకి తగలాలి, లోతైన బాస్ శబ్దం పలికే స్పీకర్ లేకపోతే ఆ సినిమాకి అన్యాయం జరిగినట్టే.

క్లిప్ ఎక్కడ మొదలవుతుందన్నది అసలు కీలకం. ‘అపోకలిప్స్ నౌ’ హెలికాప్టర్ల దాడిని వాగ్నర్ సంగీతం ఊపందుకున్నాక మొదలెట్టి, బాంబులు పడగానే ఆపేస్తే అది ఉత్సాహగీతంలా కనిపిస్తుంది. నిజానికి ఆ సంగీతం మధ్యలో సినిమా ఒక్కసారిగా కిందికి దిగి, నిశ్శబ్దంగా ఉన్న ఊరి బడినీ, పిల్లల్నీ చూపిస్తుంది. తర్వాతే దూరం నుంచి సంగీతం వినబడుతుంది. ఆ కట్ లేకుండా క్లిప్ వేస్తే వాదనే మారిపోతుంది. యుద్ధాన్ని తెరమీద పెడితే అది ఎలాగైనా ఉత్తేజంగా మారిపోతుందని ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫో అనుమానించాడు. ఆ అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి ఇదే సరైన సీను.

రెండు సినిమాలు ఒకే ఉపాయం వాడిన చోట పక్కపక్కన పెట్టి చూడటమంత మంచి పని ఇంకోటి లేదు. ‘రయాన్’ (1998) తీరం సీనులో కెప్టెన్ మిల్లర్ చెవులు మూసుకుపోతాయి. తెగిపడిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఒక సైనికుడు నడుస్తుంటాడు. రక్తం కలిసిన నీళ్లు కారుతున్న హెల్మెట్ మిల్లర్ నెత్తిన పెట్టుకుంటాడు, కాసేపట్లోనే శబ్దం తిరిగొస్తుంది, పని మొదలవుతుంది. ఎలెమ్ క్లిమొవ్ ‘కమ్ అండ్ సీ’ (1985)లోనూ బాంబులకి ఫ్ల్యోరా అనే కుర్రాడి చెవులు గింగురుమంటాయి. కానీ అక్కడ ఆ హోరు తొందరగా వదలదు. గ్లాషా అనే అమ్మాయితో తన ఊరికి చేరేదాకా అది వాడిని వెంటాడుతుంది. ఇల్లు ఖాళీ. అమ్మా, చెల్లెళ్లూ దీవిలో దాక్కుని ఉంటారని వాడు పరుగెత్తుతాడు. వెనక పరుగెడుతున్న గ్లాషా ఒక్క క్షణం తల తిప్పుతుంది. ఇంటి గోడ వెనక శవాలు గుట్టగా పడి ఉన్నాయి. చూసింది ఆమె, మనం. వాడు చూడలేదు. మొదటి సినిమాలో వినబడకపోవడం ఒక క్షణం దిగ్భ్రాంతి. రెండోదాంట్లో అది తెలుసుకోవడానికి నిరాకరించే మనసు. ‘చాలా బాగా తీశాడు’ అన్న మాటకి బదులు ఇలాంటి పోలిక ఒక్కటి చెబితే ఎదుటివాళ్లు జవాబు వెతుక్కోవాల్సి వస్తుంది. ఒక హెచ్చరిక మాత్రం ముందే చెప్పాలి: ‘కమ్ అండ్ సీ’లో కొట్టంలో జనాన్ని తగలబెట్టే సీను పిల్లలున్న చోట వేయకూడదు.

మాట్లాడేటప్పుడు తప్పే దారులు

అవార్డులతో వాదించనివ్వకండి. రయాన్‌కి ఉత్తమ చిత్రం ఆస్కార్ రాలేదు. అదే ఏడాది వచ్చిన ‘ది థిన్ రెడ్ లైన్’కి ఏడు నామినేషన్లు వచ్చి ఒక్కటీ దక్కలేదు. దానివల్ల ఆ సినిమాల్లో ఒక్క ఫ్రేము కూడా మారదు.

చరిత్ర తప్పులు మరో ఊబి. రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలాలో 1971 డిసెంబరులో పాకిస్తాన్ ట్యాంకులకి ఎదురుగా మన సైనికులు దాదాపు 120 మంది రాత్రంతా నిలబడ్డారు. తెల్లవారాక జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు వచ్చి ట్యాంకుల్ని కొట్టాయి. మన పక్క చనిపోయినవాళ్లు ఇద్దరు. ‘బోర్డర్’ (1997)లో అంతకంటే చాలామంది చనిపోతారు. ‘తప్పు’ అని కొట్టేసి ఊరుకుంటే వాదన అక్కడే చచ్చిపోతుంది. ఆ మార్పు ఏ పని చేసిందని అడగండి. నిలబడి కాచుకున్న కథని అది బలిదానం కథగా మార్చింది. అది సినిమాకి బలమా, లోటా అన్నదే చర్చ. ‘ఘాజీ’ (2017) విషయంలోనూ ఇదే. పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖ దగ్గర మునిగింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లకని మన నౌకాదళం చెబుతుంది, లోపలి పేలుడని పాకిస్తాన్ చెబుతుంది. సినిమా మాత్రం మన జలాంతర్గామిని ఎదురు నిలిపింది.

జలాంతర్గామి సినిమా ఏదైనా జాబితాలో ఉంటే, వీలున్నవాళ్లు విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా లోపల ఒకసారి నడిచి రండి. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాక, ‘దాస్ బూట్’లో కెమెరామన్ యోస్ట్ వకానో అంత ఇరుకులో కెమెరా చేత్తో పట్టుకుని పరుగెత్తడం ఎంత పనో ఒళ్లు చెబుతుంది.

ప్రతి సినిమా దగ్గరా ఒక ప్రశ్న మాత్రం వదలొద్దు: తెరమీద ఎవరు లేరు? డన్‌కర్క్ తీరంలో కంచరగాడిదల్ని నడిపిన భారతీయ సైనిక దళాలు ఉన్నాయి, సినిమాలో లేవు. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ (1957) బ్రిటిష్ ఖైదీల కథ. ఆ బర్మా రైలు దారి మీద మలయా రబ్బరు తోటల నుంచి తెచ్చిన తమిళులూ తెలుగువాళ్లూ పెద్ద సంఖ్యలో చనిపోయారు.

ఓటు

చేతులెత్తించకండి, మొదట లేచిన చెయ్యి మిగతావాటిని లాగుతుంది. చీటీల మీద మూడు పేర్లు రాయించి 3, 2, 1 పాయింట్లు వేయించండి. సొంత సినిమాకి 3 వేసుకోకూడదు. ఒక్కొక్కరు ఒకే పేరు రాస్తే ఎనిమిది మందిలో ముగ్గురు మెచ్చినది మిగతా ఐదుగురికి నచ్చకపోయినా గెలిచేస్తుంది. పాయింట్లతో ఆ చిక్కు చాలావరకు తగ్గుతుంది. రెండు సినిమాలు సమానంగా నిలిస్తే రెండింటి ఆఖరి ఐదు నిమిషాలూ వరసగా వేసి, మాటల్లేకుండా మళ్లీ ఓటు తీసుకోండి. ఫలితం రాసేటప్పుడు గెలిచిన పేరు పైన గోడ మీది ప్రశ్న కూడా రాయండి. వచ్చేసారి ఇవే ఆరు సినిమాలని రెండో ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు.