అండమాను పంపిన ఖైదీ జీవితాన్ని దస్తావేజుల నుంచి తిరిగి రాయడం ఎలా

కొన్ని కుటుంబాల్లో "మా ముత్తాతను అండమాను పంపారట, మళ్ళీ రాలేదట" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ మిగలదు. ఆ మాట వెనక ఉన్న మనిషి ఏ నేరానికి వెళ్ళాడో, ఎక్కడ పని చేశాడో, ఎప్పుడు విడుదలయ్యాడో తెలుసుకుని రాయాలనుకునేవారికి ఉపయోగపడే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి ఊహాశక్తి కంటే తేదీల పట్ల పట్టుదల ఎక్కువ కావాలి.

మొదట నిర్ధారించుకోవలసింది శిక్ష పడిన సంవత్సరం. పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస, అంటే ఖైదీలను ఉంచి పని చేయించే స్థావరం, 1858 మార్చి 10న దాని అధికారి డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో దిగినప్పుడు మొదలైంది. కాబట్టి 1840 ప్రాంతంలో మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) ద్వీపాంతరవాస శిక్ష పడినవాడు అండమాను వెళ్ళి ఉండే అవకాశం లేదు. అప్పట్లో అలాంటివారిని పినాంగు, మలక్కా, సింగపూరు, బర్మాలోని మౌల్మేను వంటి చోట్లకు పంపేవారు. ఊళ్ళో జనం మాత్రం సముద్రం దాటించిన ప్రతివాడినీ "అండమాను పోయాడు" అనే చెప్పుకున్నారు. ఈ ఒక్క పొరపాటు వల్ల వెతకవలసిన చోట వెతకక ఏళ్ళు వృథా చేసుకున్నవారు ఉన్నారు. సింగపూరు వెళ్ళినవాడైతే ఆ ఊరి సెయింట్ ఆండ్రూస్ చర్చి వంటి కట్టడాల్లో అతని చేతి పని ఉండవచ్చు, ఎందుకంటే దాన్ని భారతీయ ఖైదీల శ్రమతోనే కట్టించారు.

రెండవది నేరం. అండమాను అనగానే స్వాతంత్ర్య సమరమే మనకు గుర్తుకు రావడం సహజమే. 1922–24 రంపా పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర యావజ్జీవ ద్వీపాంతరవాసం అనుభవించి తిరిగి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అయితే అక్కడికి వెళ్ళినవారిలో అత్యధికులు హత్య, బందిపోటుతనం వంటి కేసుల్లో శిక్షపడిన మామూలు మనుషులు. తీర్పులో 302 కనబడితే హత్య, 395 కనబడితే బందిపోటు దోపిడి, 396 అయితే హత్యతో కూడిన బందిపోటు, 121 అయితే ప్రభుత్వంపై యుద్ధం. ఈ సెక్షన్లు శిక్షాస్మృతి అమలులోకి వచ్చిన 1862 తరవాతి కేసులకే వర్తిస్తాయి. మీ పూర్వీకుని కాగితం మీద 302 ఉంటే దాన్ని 302గానే రాయండి. హంతకుడన్న మాట రాయడం కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, కానీ దాన్ని దాచినచోట అతని తరవాతి ఇరవై ఏళ్ళూ అర్థం కాకుండా పోతాయి.

సెషన్సు కోర్టు తీర్పు దొరికితే దాన్ని నిధిగా భావించాలి. సాక్షుల వాంగ్మూలాల్లో ఇల్లు, పొలం గట్టు, వాన పడిన రాత్రి, ఎవరెవరు ఎక్కడ పడుకున్నారన్నది అన్నీ ఉంటాయి. ఒక సామాన్య రైతు మాటలు లిఖితరూపంలో మిగిలే చోట్లు ఇంతకంటే చాలా తక్కువ. వీటి కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వ న్యాయశాఖ దస్తావేజులు చూడాలి. అండమాను పాలనకు సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరాలు ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో హోం శాఖ, పోర్ట్ బ్లెయిర్ విభాగం కింద ఉంటాయి. ఆ సంస్థ అభిలేఖ్ పటల్ అన్న పోర్టల్‌లో ఇంటి నుంచే వెతకవచ్చు.

వెతికేటప్పుడు పేర్లను గుమాస్తా చెవితో వినాలి. కాకినాడను కొకనాడా అనీ, విశాఖపట్నాన్ని విజగపటం అనీ, ఏలూరును ఎల్లోర్ అనీ, విజయవాడను బెజవాడా అనీ ఇంగ్లీషులో రాశారు. ఎర్రన్న అన్న ఒక్క పేరే నాలుగు రకాల అక్షరక్రమాలతో కనబడవచ్చు. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, కాబట్టి తండ్రి పేరు, కులం, గ్రామం మూడూ కలిపి సరిచూసుకోవాలి. జిల్లాల హద్దులు కూడా మారాయి. 1859కి ముందు గోదావరి జిల్లా లేదు, రాజమండ్రి జిల్లా ఉండేది. గుంటూరు 1904లో మళ్ళీ విడి జిల్లా అయ్యేదాకా దాని గ్రామాలను కృష్ణా జిల్లా కాగితాల్లో కూడా చూడాలి.

ఖైదీ మెడలో ఇనుప కడియానికి వేలాడే చెక్క బిళ్ళ ఒకటి ఉండేది. దాని మీద అతని సంఖ్య, శిక్షకు కారణమైన సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల కావలసిన తేదీ చెక్కి ఉండేవి. పేరు కంటే ఆ సంఖ్యే అక్కడి కాగితాల్లో మనిషిని పట్టిస్తుంది. అది ఒకసారి దొరికితే ముందుగా దాన్ని రాసిపెట్టుకోండి.

ఇక అసలు పని, ఆ మనిషి కాలపట్టిక కట్టడం. ఉదాహరణకు ఒకతను 1907 ఆరంభంలో యావజ్జీవ శిక్షతో పోర్ట్ బ్లెయిర్ చేరాడనుకుందాం. ఆ కాలపు నిబంధనల ప్రకారం మొదటి ఆరు నెలలు సెల్యులార్ జైలులో ఏకాంత నిర్బంధం. తరవాత 18 నెలలు ఇతర ఖైదీలతో కలిసి ఉండే జైలులో కఠినమైన పని. ఆపైన మూడేళ్ళు బ్యారక్‌లో నివాసం, అంటే పగలు కాపలాలో బయట పని, రాత్రి తాళం, ప్రతిఫలం శూన్యం. ఇవి ముగిసేసరికి 1912 వస్తుంది. ఆ తరవాతి ఐదేళ్ళలో తేలికపాటి పనికీ, తోటి ఖైదీల మీద చిన్న పెత్తనానికీ అర్హుడవుతాడు. చిన్న భత్యం కూడా దొరుకుతుంది. పదేళ్ళు నిండి 1917 వచ్చేసరికి టికెట్ ఆఫ్ లీవ్ (షరతులతో బయట బతికే అనుమతి) పొంది సెల్ఫ్ సపోర్టర్ (తన పోషణ తానే చూసుకునే ఖైదీ) కావచ్చు. అప్పుడు గ్రామంలో ఉండి సాగు చేసుకోవచ్చు, పశువుల్ని పెంచుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, లేదా ఊరి నుంచి కుటుంబాన్ని రప్పించుకోవచ్చు. కానీ వలస దాటి పోకూడదు, పని లేకుండా ఉండకూడదు. సత్ప్రవర్తనతో 20 నుంచి 25 ఏళ్ళు గడిస్తే పూర్తి విడుదల. ఈ లెక్కను ముందు పెన్సిల్‌తో వేసి, దొరికిన ప్రతి దస్తావేజునూ దాని పక్కన పెట్టి సరిచూస్తే, ఎక్కడ అతని ప్రవర్తన శిక్షకు దారితీసిందో, ఎక్కడ ముందుగా మేలు జరిగిందో తెలుస్తుంది. 1921లో ప్రభుత్వం ఈ ఖైదీల వలసను ఎత్తివేయాలని నిర్ణయించిందని కూడా ఆ పట్టికలో గుర్తు వేసుకోవాలి.

స్త్రీల పట్టిక వేరు. వారు ముందు స్త్రీల జైలులో గడిపేవారు, ఐదేళ్ళకే పెళ్ళికి అనుమతి లభించేది, విడుదల గడువు కూడా పురుషుల కంటే తక్కువే.

పని గురించి రాసేటప్పుడు కాలాన్ని మరచిపోకూడదు. రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె గానుగ ఆడించిన కథ మనందరి మనసులో నాటుకుంది, అది నిజమే. కానీ అది ప్రధానంగా 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో రాజకీయ ఖైదీలు అనుభవించి చెప్పిన సంగతి. 1870లో వెళ్ళిన తెలుగు ఖైదీ ఆ ఏడు రెక్కల జైలును కంటితో చూసి ఉండడు. అతని జీవితం అడవి నరకడం, చిత్తడి నేల పూడ్చడం, రాళ్ళు మోయడం, రాస్ ద్వీపంలో దొరల ఇళ్ళు కట్టడం. ఆ చెమట గురించి ఎవరూ జ్ఞాపకాలు రాయలేదు కాబట్టే ఈ పని చేయవలసి వస్తున్నది. తొలి రోజుల్లో వలస ఎంత భయంకరమో చెప్పడానికి ఒక్క సంగతి చాలు: పారిపోయి పట్టుబడిన 86 మందిని 1858 మే నెలలో వాకర్ ఉరి తీయించాడు.

చివరగా, "తిరిగి రాలేదు" అన్న మాటను "చనిపోయాడు" అని చదవకండి. విడుదలైనా ఇంటి వాళ్ళు ఎలా చూస్తారోనన్న భయంతో అక్కడే ఉండిపోయినవారున్నారు. అక్కడే పెళ్ళి చేసుకున్నవారి సంతానం ఇప్పటికీ ఆ దీవుల్లో "లోకల్ బార్న్" (అక్కడే పుట్టినవారు) అన్న పేరుతో ఉన్నారు. అందువల్ల మరణవార్త దొరికేదాకా మీ పట్టికలో ఆఖరి గడిని ఖాళీగానే ఉంచి, ఆ ఖైదీ సంఖ్యనూ, తండ్రి పేరునూ, గ్రామాన్నీ దాని పక్కన స్పష్టంగా రాసిపెట్టండి. అవతలి దీవిలో ఇదే మనిషి కోసం వెతుకుతున్న మరో కుటుంబానికి ఆ మూడూ అవసరం కావచ్చు.