అమ్మమ్మ గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

పెద్దకర్మకి ఫొటో కింద వేయడానికి నాలుగు లైన్లు రాసివ్వమని మామయ్య అడిగితే ప్రేమమూర్తి, త్యాగశీలి, అందరికీ తలలో నాలుక అని రాసిచ్చాను. తర్వాత చదువుకుంటే పైన ఎవరి ఫొటో పెట్టినా సరిపోయేలా ఉన్నాయి, మా అమ్మమ్మ మాత్రం అందులో లేదు. సంవత్సరీకానికల్లా ఆమె గురించి ఒక చిన్న పుస్తకం సరిగ్గా రాయాలని కూర్చున్నాను. ఆ నెలల్లో నేర్చుకున్నది మీకు చెప్తాను, ఎందుకంటే ఈ పని వాయిదా వేస్తూ పోతే చెప్పేవాళ్ళే మిగలరు.

ముందు అందరికన్నా పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మా చిన్నమ్మమ్మని "అక్క ఎలాంటిది?" అని అడిగితే "బంగారం రా" అని కళ్ళు తుడుచుకుని ఆగిపోయింది. మర్నాడు "మీ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేదెవరు, పొయ్యి ఎవరు ముట్టించేవాళ్ళు?" అని అడిగాను, గంటన్నర చెప్పింది. గుణాలు అడక్కండి, పనులు అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నానని ముందే చెప్పండి, ఫ్యాన్ ఆపండి, మధ్యలో సర్దిచెప్పే చుట్టాలు లేని టైమ్ చూసుకోండి.

తేదీల దగ్గర అందరికీ టెన్షనే. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది చాలాసార్లు ఎవరో తోచినట్టు వేసిందే, దాన్ని పట్టుకుని రాసేయకండి. ఊరంతటికీ గుర్తున్న సంగతి పక్కన ఆమె జీవితాన్ని పెట్టి చూడండి. మా కోస్తా వైపైతే 1977 దివిసీమ ఉప్పెన, గోదావరి వైపు 1986 వరద, తెలంగాణలో 1969 ఉద్యమం, అందరికీ కలిపి ఎన్టీఆర్ మొదటిసారి గెలిచిన 1983. "ఉప్పెనప్పుడు పెద్దమామయ్య చంకలో ఉన్నాడా, నడుస్తున్నాడా?" అని అడిగితే చాలు, ఏడాది దానంతటదే తేలుతుంది.

ఇక ఆమె ఊరికి చేసిన పని. ఇక్కడ ఇంట్లోవాళ్ళకి తెలిసింది సగమే, బయటివాళ్ళని అడగాల్సిందే. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడటం, ఊరూరా అది పాకడం, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం రావడం అందరికీ తెలిసిందే. కానీ మా అమ్మమ్మ ఆ రోజుల్లో పలక పట్టుకుని రాత్రిబడికి వెళ్ళిందని, సారా ప్యాకెట్ల జీపు ఊళ్ళోకి రాకుండా రోడ్డుకి అడ్డంగా కూర్చున్నవాళ్ళలో ఉందని నాకు చెప్పింది ఎదురింటామె. మా అమ్మకి కూడా తెలియదు.

ఆ ఎదురింటామే నన్ను డ్వాక్రా సంఘం పాత తీర్మానాల పుస్తకం దగ్గరికి తీసుకెళ్ళింది. మొదటి ఏడు పేజీల్లో అమ్మమ్మ పేరు పక్కన నీలం ఇంకు వేలిముద్ర, అంచులు అలుక్కుపోయి ఉంది. ఎనిమిదో పేజీలో సంతకం. ఒక దీర్ఘం మర్చిపోయి తర్వాత పైన ఇరికించింది, పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే వెనక పేజీ మీద వేలు పెడితే అక్షరాలు తగులుతున్నాయి. ఆ పేజీని ఫొటో తీసుకుని ఇంటికొచ్చి, అంతవరకు రాసిందంతా కొట్టేసి అక్కడినుంచి మొదలుపెట్టాను. మీరూ ఇలాంటి కాగితం ఒకటి దొరికేదాకా వెతకండి. బ్యాంక్ పాస్‌బుక్, ట్రంకుపెట్టె అడుగున పరిచిన పేపరు, గుడి చందాల రసీదులు, అన్నీ చూడండి. అంగన్‌వాడీ టీచర్ని, కిరాణా కొట్టాయన్ని, పాలు పోసే ఆయన్ని కూడా అడగండి.

ఒక్క జాగ్రత్త. ఎవరికి అప్పు ఇప్పించింది, మొగుడు కొడితే ఎవరొచ్చి రాత్రి మనింట్లో పడుకున్నారు లాంటివి వింటారు. వాళ్ళ పేర్లు వేయకండి, పేరు లేకుండా రాసినా వాళ్ళకి ముందు చూపించి అడగండి. ఆమె కోపం, పట్టుదల మాత్రం దాచకండి. మా అమ్మమ్మ రెండేళ్ళు పెద్దకోడలితో మాట్లాడలేదు, అత్తయ్యే "రాయి, నిజమే కదా" అంది.

అచ్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. మధ్యలో పిన్ను కొట్టే చిన్న పుస్తకమైతే పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి, మేము 16 పేజీలు వేశాం. డీటీపీ సెంటర్‌లో చాలామంది మనం టైప్ చేసిచ్చింది అచ్చుపనికి వాడే అను ఫాంట్లలోకి మార్చుకుంటారు, అప్పుడు ఒత్తులు చెదురుతాయి, కాబట్టి ప్రూఫ్ కాగితం మీద తీసుకుని పేర్లు ఒక్కొక్కటీ చూడండి. చదివేది పెద్దవాళ్ళు, అక్షరం పెద్దగా ఉండాలి. చివర రెండు పేజీలు ఖాళీగా వదలండి.

మా పుస్తకాలు పంచిన వారానికి పాలాయన తన కాపీ పట్టుకొచ్చి, తనకి రాయడం రాదు కాబట్టి నన్ను రాయమన్నాడు. వాళ్ళమ్మాయి పదో తరగతి ఫీజు ఆ ఏడాది ఎవరు కట్టారో చెప్పాడు. ఆ ఖాళీ పేజీలో మొదట రాసింది అదే.