రబ్బరు కప్ప ఎరకి కొరమీను పడటం లేదా?

"ఆ రబ్బరు కప్ప నా చేతికి అచ్చిరాదు" అని నెల్లూరు చెరువు కట్ట మీద నేనూ రెండేళ్లు అన్నాను, పక్కనోడు అచ్చం అలాంటి కప్పతోనే కొరమీను లాగుతుంటే. తీరా చూస్తే తప్పంతా నా తొందరదే.

ముందు కప్పని వేళ్లతో నొక్కి చూడండి. రెండు గాలాలూ దాని వీపుకి ఆనుకుని ఉంటాయి కాబట్టే తామరాకుల్లో చిక్కుకోదు, కానీ ఒళ్లు గట్టిగా ఉంటే చేప కరిచినా గాలం మొన బయటికి రాదు. అలాంటిదాన్ని కాసేపు వేడినీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. మొనలు ఒక్క పిసరు పైకి వంచండి, చాలు.

ఖాళీ నీళ్లలోకి విసిరి లాభం లేదు. కొరమీను గాలి పీల్చడానికి పైకొస్తుంది, ఆ బుడగ ఎక్కడ లేచిందో చూసి, దానికి రెండు మూడు అడుగులు అవతల వేసి, ఆకుల మీదుగా మెల్లగా లాక్కొచ్చి, సందు రాగానే ఆపండి.

అసలు కథ ఇక్కడే. నీళ్లు ఢబ్బుమని లేవగానే చేయి దానంతటదే రాడ్‌ని ఎగరేస్తుంది, కప్ప వచ్చి మన మొహానికి తగులుతుంది (నాకు తగిలింది), చేప పోతుంది. ఆగండి. లైన్‌లో బరువు తెలిసేదాకా, ఒక సెకనో రెండో, ఆపైన రాడ్‌ని గట్టిగా ఒక్క గుంజు గుంజి, సందివ్వకుండా లైన్ చుట్టండి, లేదంటే గుర్రపుడెక్క కిందికి దూరిపోతుంది. నైలాన్ లైన్ సాగుతుంది, పోగులు అల్లి చేసిన బ్రెయిడ్ లైనే వాడండి.

నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే మాత్రం అక్కడ వేయకండి. కింద పెద్దది కాపలా ఉంటుంది, కప్ప మీదికి దూకుతుంది కూడా, కానీ దాన్ని పట్టేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలే.