ఎన్ని అమ్మితే గట్టెక్కుతాం? (ఇంజినీరింగ్ ఫైనలియర్ వాళ్లకు ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్: 3వ పాఠం)

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను: మీ ప్రాజెక్టుకు పెట్టిన ప్రతి రూపాయినీ కాగితం మీద రాయమని. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి.

ప్రాజెక్టు వైవాలో ఏటా ఒకటి చూస్తుంటాను. బల్ల మీద కుండీ, మట్టిలో గుచ్చిన సెన్సరు, పక్కన గిన్నెలో మునిగిన చిన్న పంపు. మట్టి ఆరగానే రిలే (పంపును ఆన్ చేసే స్విచ్చి) టక్కుమంటుంది, పైపులోంచి నీళ్లొస్తాయి. పిల్లల మొహాలు వెలిగిపోతాయి. "ఖర్చెంతయ్యింది?" అంటే "పన్నెండొందలు సార్" అని ఠక్కున చెప్తారు. "నెలకు ఎన్ని అమ్మితే మీకు గిట్టుతుంది?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, ఏ ల్యాబులోనూ ఎవరూ ఆ మాట అడగలేదు. మెఫా, అంటే మీ ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్ పేపరు, అడుగుతుంది. అందుకే దాన్ని పరీక్ష ముందు రాత్రి గైడుతో సరిపెట్టొద్దని ఇంతగా చెప్తున్నాను.

ఆ కుండీ పరికరాన్నే తీసుకుందాం. అంకెలు పాఠం కోసం నేను అనుకున్నవి, మీ కాగితం మీదివి పెట్టి మళ్లీ చేయండి. బోర్డు 450, సెన్సరు 100, రిలే 80, పంపు 150, అడాప్టరు 220, పైపూ డబ్బా వైర్లూ 200. మొత్తం 1,200 రూపాయలు. ఒకటి చేస్తే ఒకసారి, పది చేస్తే పదిసార్లు అయ్యే ఖర్చు ఇది. దీన్ని చర వ్యయం అంటారు. ఇక గది అద్దె 7,000, కరెంటూ ఇంటర్నెట్టూ 2,000, తిరుగుళ్లకు 6,000. ఒక్కటి అమ్ముడుపోకపోయినా నెల తిరిగేసరికి ఈ 15,000 కట్టాల్సిందే. ఇది స్థిర వ్యయం.

పరికరం 1,700కు అమ్మితే ఒక్కోదాని మీద 500 మిగులుతుంది. ఇదింకా లాభం కాదు, ముందు అద్దె బాకీ తీర్చాలి. ఈ మిగులునే కంట్రిబ్యూషన్ అంటారు. 15,000ను 500తో భాగించండి: 30. నెలకు ముప్ఫై అమ్మితే నష్టం లేదు, లాభమూ లేదు. అదే బ్రేక్ ఈవెన్ పాయింట్.

ఇప్పుడు కొనేవాడు బేరమాడి 200 తగ్గించమన్నాడు. "రెండొందలే కదా" అనిపిస్తుంది. కానీ మిగులు 500 నుంచి 300కు పడిపోయింది. 15,000ను 300తో భాగిస్తే 50. ధరలో తగ్గించింది ఎనిమిదో వంతు కూడా కాదు, అమ్మాల్సినవి మాత్రం ఇరవై పెరిగాయి. ఈ ఒక్క లెక్క చేతికొస్తే చాలు, రేపు ఏ కంపెనీలో కొటేషన్ మీద సంతకం పెట్టినా ఒక్క క్షణం ఆగుతారు.

మీ కాగితంలో ఒక ఖర్చు తప్పిపోయి ఉంటుంది, నాకు తెలుసు. మీరే! ఇద్దరు స్నేహితులు నెలకు 25,000 చొప్పున వచ్చే ఉద్యోగాలు వదులుకుని ఇది మొదలుపెట్టారనుకోండి. ఆ 50,000 ఎవరి జేబులోంచీ పోలేదు, ఎవరి జేబులోకీ రాలేదు. అదే అవకాశ వ్యయం. దాన్నీ కలిపితే స్థిర వ్యయం 65,000. బేరం లేకుండా 1,700కే అమ్మి ఒక్కోదాని మీద 500 మిగిలినా అమ్మాల్సినవి 130. నెలకు 26 పనిదినాలైతే రోజుకు ఐదు. ఒక్కోటి బిగించి సరిచూడ్డానికి గంటన్నర పడితే ఏడున్నర గంటలు. ఒకరు పూర్తిగా దాని మీదే కూర్చుంటారు, అమ్మకాలన్నీ రెండోవారి నెత్తినే. ఎవరేం చెయ్యాలన్న మేనేజ్‌మెంట్ ప్రశ్న ఇక్కడే పుడుతుంది, పుస్తకంలో వేరే యూనిట్‌గా ఉన్నా సరే.

ఇది కామర్స్ వాళ్ల వ్యవహారమని పక్కన పెట్టకండి. బ్రేక్ ఈవెన్ చార్టును ప్రచారంలోకి తెచ్చిన వాల్టర్ రాటెన్‌స్ట్రాక్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్. నిజానికి ఈ లెక్కను మార్చే శక్తి ఇంజినీరు చేతిలోనే ఎక్కువ. రెడీమేడ్ బోర్డు మానేసి సొంత సర్క్యూట్ గీసి ఒక్కోదాని మీద 200 ఆదా చేశారనుకోండి. ధర అదే 1,700, మిగులు 700. 130 కాస్తా 93కు దిగుతుంది.

వచ్చే పాఠానికి రెండు పనులు. మీ ప్రాజెక్టుకు ధర ఒకటి అనుకుని, మీ జీతం కలిపి, కలపకుండా బ్రేక్ ఈవెన్ కట్టండి. తర్వాత ఏ ఒక్క భాగం మారిస్తే ఆ సంఖ్య ఎక్కువ దిగుతుందో వెతకండి. సొంత బోర్డుకు మొదట్లోనే ఒకేసారి డబ్బు పెట్టాలి. ఆ డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో 4వ పాఠంలో చూద్దాం.